ఉత్తరాల సీజన్‌కి ముందే ఆటోటెక్స్ట్‌ను ఒకసారి దులపండి

రెన్యువల్ నోటీసులు, అడ్మిషన్ లేఖలు, జీతాల పెంపు లేఖలు... ఏ ఆఫీసుకైనా ఏడాదిలో కొన్ని వారాలు ఇవి కుప్పలు తెప్పలుగా పంపాల్సి వస్తుంది. ఆ రోజుల్లో ఆటోటెక్స్ట్ (తరచూ వాడే పేరాని ఒక చిన్న పేరుతో దాచుకునే సదుపాయం) లేకపోతే వేళ్లు పడిపోతాయి. చిన్న పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే చాలు, వర్డ్‌లోనైనా లిబ్రెఆఫీస్ రైటర్‌లోనైనా పేరా మొత్తం దిగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, చేత్తో కొట్టిన వాక్యాన్ని కళ్లు ఒకసారైనా చూస్తాయి, దాచిన పేరాని ఎవరూ చదవరు. ఎప్పుడో సరిచూసిందే కదా అన్న ధీమా.

ఆ ధీమాతోనే నేను ఒకసారి దెబ్బతిన్నాను. అంతకుముందు ఏడాది పంపిన లేఖలోంచి ఒక పేరాని ఉన్నదున్నట్టు ఆటోటెక్స్ట్‌లో పెట్టుకున్నాను. అందులో ‘మార్చి 15 లోగా చెల్లించగలరు’ అని ఉంది. ఆ ఏడాది అసలు గడువు మార్చి 31. లేఖలు 18న వెళ్లాయి. రెండు రోజులకి ఒక పెద్దాయన ఫోన్ చేసి, ‘గడువు దాటిపోయింది కదమ్మా, నాకు ఉత్తరం ఇవాళే అందింది, ఇప్పుడు జరిమానా కట్టాలా?’ అని అడిగారు. ఆ గొంతులో టెన్షన్ నాకింకా గుర్తుంది. ఆ సాయంత్రమంతా ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ కూర్చున్నాం.

అందుకే మొదటి మాట: దాచే పేరాలో అసలు తేదీ, అసలు పేరు, అసలు మొత్తం ఏదీ ఉండకూడదు. అలాగని ఖాళీ వదిలినా లాభం లేదు, హడావిడిలో ఖాళీ కంటికి ఆనదు. ఆ చోట కంట్లో గుచ్చుకునే గుర్తు పెట్టండి. నేనిలా పెడతాను: ‘మీరు చెల్లించవలసిన మొత్తం @@మొత్తం@@. దీనిని @@గడువు@@ లోగా చెల్లించగలరు.’ లేఖ పూర్తయ్యాక కంట్రోల్+ఎఫ్ నొక్కి @@ అని వెతకాలి. ఒక్కటి దొరికినా లేఖ ఇంకా పూర్తి కానట్టే. పసుపు రంగు పూస్తే సరిపోదా అంటారు కొందరు. రంగును చూసుకోవాల్సింది మన కళ్లే, అవి అలిసిపోతాయి. వెతుకులాట అలిసిపోదు.

తెలుగు లేఖల్లో ఇంకో మెలిక ఉంది. మన భాషలో విభక్తి పేరుకి అతుక్కుంటుంది. ‘@@పేరు@@కు’ అని దాచుకుంటే ఒక పేరుకి అతికినట్టుంటుంది, ఇంకో పేరు దగ్గర ‘కి’ కావాల్సొస్తుంది. ‘@@పేరు@@ గారికి’ అని రాస్తే విభక్తిని ‘గారు’ మోస్తుంది, పేరు మారక్కర్లేదు. అలాగే ‘ఆయన దరఖాస్తు’ అని దాచుకున్న పేరా ఏదో ఒక రోజు ఒక మహిళ గురించిన లేఖలో దిగుతుంది. ‘వారి దరఖాస్తు’ అంటే ఆ బెడద ఉండదు.

తేదీ దగ్గర మరీ జాగ్రత్త. వర్డ్‌లో ఆల్ట్+షిఫ్ట్+డి నొక్కితే పడే తేదీ రాతలాగే కనిపిస్తుంది కానీ అది ఫీల్డ్, తనంతట తాను మారిపోతుంది. దాన్ని పేరాలో దాచుకున్నారంటే, ఆరు నెలల తర్వాత ఏదైనా తగాదా వచ్చి ఆ లేఖ తెరిస్తే ఆ రోజు తేదీ చూపించే ప్రమాదం ఉంది. మీరు ఎప్పుడు పంపారో చెప్పే ఆధారం ఆ ఫైలులో ఉండదు. ఆ షార్ట్‌కట్ బదులు ఇన్సర్ట్‌లోని డేట్ అండ్ టైమ్‌తో తేదీ పెట్టి, అక్కడ దానంతటదే మారే టిక్ తీసేయండి. ఇప్పటికే ఫీల్డ్ పడి ఉంటే దాని మీద కర్సర్ పెట్టి కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 కొట్టండి, మామూలు రాత అయిపోతుంది. రైటర్‌లో అయితే మారని తేదీనే ఎంచుకోండి.

కొంతమంది ఈ పనికి ఆటోకరెక్ట్ (కొట్టిన మాటను తనంతట తానే మార్చేసే సదుపాయం) వాడతారు. నేను వద్దంటాను. ఆటోటెక్స్ట్ మీరు నొక్కితేనే దిగుతుంది, ఆటోకరెక్ట్ అడగదు. ‘నోట్’ అనే మాటనే పొట్టిపేరుగా పెట్టారనుకోండి, మామూలు వాక్యంలో నోట్ అని రాసి స్పేస్ కొట్టగానే మధ్యలో పేరా వచ్చి పడుతుంది. పైగా వర్డ్ ఆటోకరెక్ట్‌లో మామూలు రాత 255 అక్షరాలకు మించి పట్టదు. తప్పనిసరైతే భాషలో లేని పొట్టిపేరు పెట్టుకోండి.

ఇక దాచినవి ఎక్కడుంటాయో తెలుసుకోండి. వర్డ్‌లో అవి నార్మల్ టెంప్లేట్, బిల్డింగ్ బ్లాక్స్ అనే వర్డ్ సొంత ఫైళ్లలో ఏదో ఒకదానిలో ఉంటాయి, మీ లేఖలో కాదు. వర్డ్ మూసేటప్పుడు వాటిలో మార్పులు సేవ్ చేయాలా అని అడిగితే, ఇంటికెళ్లే తొందరలో వద్దని కొట్టకండి, ఆ రోజు దాచినవన్నీ పోతాయి. విండోస్‌లో నార్మల్ ఫైలు మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, టెంప్లేట్స్ అనే వరసలో ఉంటుంది. యాప్‌డేటా మామూలుగా కనిపించదు, దాచిన ఫోల్డర్లు చూపించమనాలి. సీజన్ మొదలవకముందే వర్డ్ మూసేసి ఆ ఫైలుకి ఒక కాపీ వేరే చోట పెట్టుకోండి.

దాచిన పేరాని సరిదిద్దాలంటే, లేఖలో దించి, మార్చి, మళ్లీ ఎంచి అదే పేరుతో, అదే గ్యాలరీలో, అదే కేటగిరీలో దాచాలి. పాతదాని స్థానంలో పెట్టాలా అని అడుగుతుంది, పెట్టమనండి. కేటగిరీ మారితే పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండిపోతాయి. ఇదివరకే లేఖల్లో దించినవి మాత్రం మారవు, అవి విడి కాపీలు.

చివరగా ఒక పని, దీనికి పావుగంట చాలు. వర్డ్ ప్రింట్ సెట్టింగ్స్‌లో పత్రానికి బదులు ఆటోటెక్స్ట్ ఎంట్రీలను ప్రింట్ చేసే ఎంపిక ఉంది. నార్మల్‌లో దాచినవన్నీ కాగితం మీదికి తెచ్చి, వాటిని రాయని మనిషి చేత పైకి చదివించండి. మా దగ్గర పోయిన సీజన్‌కి ముందు కొత్తగా చేరిన అమ్మాయి అలా చదువుతూ, ‘అక్కా, సంతకం కింద ఉన్న ఈ ఫోన్ నంబరు ఎవరిది?’ అని ఆగింది. ఆ నంబరు మేం వాడటం మానేసి రెండేళ్లయింది.