ట్రాక్టరు తల తేలుతోందా? ఒక్క కాటా చీటీ చాలదు

కల్లం నుంచి గుంటూరు యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలే ప్రతి ట్రాక్టరు డ్రైవరు జేబులోనూ కాటా చీటీ ఉంటుంది. దాని మీద ఉండేది మొత్తం తూకం. సరుకు లెక్కకు అది చాలు, బండి లెక్కకు చాలదు. ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కు (ట్రాలీ) తన బరువులో కొంత ట్రాక్టరు కొక్కెం మీద మోపుతుంది. ఆ మోపు ఎంతో ఏ చీటీలోనూ పడదు. కింద చెప్పే తేడాల్లో సగం అక్కడే పుడతాయి. నాలుగు చక్రాల ట్రక్కుకు ముందు ఇరుసు ఉంటుంది కాబట్టి ఈ మోపు గొడవ దానికి పెద్దగా లేదు.

సమస్య: కాలవ కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతున్నాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగడం లేదు

కారణం: కొక్కెం వెనక ఇరుసుకు వెనక ఉంటుంది. అక్కడ ఎంత నొక్కితే ముందు అంత తేలుతుంది, తూగుడుబల్ల లాగా. లోడెత్తే ముఠా వాళ్లు టిక్కీలను ట్రక్కు ముందు గోడ నుంచి పేర్చుకుంటూ వస్తారు. ట్రక్కు సగమో ముప్పావో నిండి ఆగిపోతే బరువంతా ముందే ఉండిపోతుంది. అందుకే ఒక్కోసారి నిండు లోడు కన్నా ముప్పావు లోడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఎలా తేల్చుకోవాలి: ఒకే కాటా మీద, ఒకే పూట నాలుగు తూకాలు వేయించండి.

1. ట్రక్కు విప్పేసి ట్రాక్టరు ఒక్కటే.
2. ట్రక్కు తగిలించి, లోడుతో, ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రమే కాటా మీద.
3. ట్రాక్టరు నాలుగు చక్రాలూ కాటా మీద, ట్రక్కు చక్రాలు బయట.
4. ట్రక్కు చక్రాలు మాత్రమే.

ప్రతిసారీ ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదిలేయాలి. బ్రేకు తొక్కి పట్టుకుంటే బరువు ఒక ఇరుసు నుంచి ఇంకోదానికి జరిగినట్టు చూపిస్తుంది. డ్రైవరు సీట్లో ఉంటే నాలుగుసార్లూ ఉండాలి, దిగితే నాలుగుసార్లూ దిగాలి. కాటా ఎత్తు మీద ఉండి, ర్యాంపు ఏటవాలుగా ఉంటే ఇరుసుల తూకాలు తప్పుతాయి. చుట్టూ నేల కాటాతో సమంగా ఉన్నచోటికే వెళ్లండి.

ఒక లెక్క చూద్దాం. ట్రాక్టరు ఒక్కటే 2,050 కిలోలు. లోడుతో తగిలించాక ముందు చక్రాల మీద 390, ట్రాక్టరు మొత్తం 3,060, ట్రక్కు చక్రాల మీద 4,690. మూడో తూకంలోంచి మొదటిది తీసేస్తే 1,010 వస్తుంది, కొక్కెం మీద మోపు అదే. ముందు చక్రాల మీద ట్రాక్టరు సొంత బరువులో కనీసం ఐదో వంతు, అంటే ఇక్కడ 410 ఉండాలి. 390 ఉంది. చదును రోడ్డు మీదే ఇలా ఉంటే కట్ట ఎక్కేటప్పుడు సంగతి చెప్పక్కర్లేదు.

పరిష్కారం: టిక్కీ 42 కిలోల లెక్కన పది టిక్కీలు ముందు నుంచి 2 మీటర్లు వెనక్కి జరపండి. కొక్కెం నుంచి ట్రక్కు ఇరుసుకు 3 మీటర్లుంటే మోపు 280 కిలోలు తగ్గి 730కి వస్తుంది. ముందు చక్రాల మీద సుమారు 500 పడుతుంది. ఖర్చేమీ లేదు, కాసేపు చెమట. అప్పటికీ చాలకపోతే ముందు బంపరుకు ఇనుప బరువులు బిగించండి. వెనక టైర్లలో నీళ్లు పట్టించడం దీనికి మందు కాదు, ఆ బరువు వెనక ఇరుసు మీదే పడుతుంది. ఇక ట్రక్కును ఎట్టి పరిస్థితిలోనూ పైలింకు (ట్రాక్టరు వెనక పనిముట్లు బిగించే పై కడ్డీ) దగ్గర తగిలించకండి. కొక్కెం ఎంత ఎత్తులో ఉంటే లాగేటప్పుడు ట్రాక్టరు వెనక్కి తిరగబడే ప్రమాదం అంత ఎక్కువ.

సమస్య: హైవే మీద ట్రక్కు తోక ఆడిస్తోంది, బురదలో ట్రాక్టరు చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయి

ఇది పై దానికి తిరగేసిన జబ్బు. మోపు బాగా తక్కువ, లేదా మూడో తూకం మొదటిదాని కన్నా తక్కువ వచ్చింది. అంటే వెనక బరువెక్కి ట్రక్కు కొక్కేన్ని పైకి లేపుతోంది. వెనక పేర్చినవి ఇరుసు మీదికి తెండి. మోపు సరిగ్గా ఉన్నా ఆడుతుంటే పిన్నూ, అది దిగే కన్నమూ అరిగి వదులయ్యాయేమో చూడండి.

సమస్య: ట్రక్కుకు ఒక పక్క టైరే కాలిపోతోంది

బండి ఆపగానే మొదట హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర, తర్వాత టైరు పక్కగోడ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకీతాకకుండా. హబ్బు కాలుతుంటే బేరింగు. టైరు ఒక్కటే కాలుతుంటే గాలి తక్కువ, లేదా ఆ పక్క బరువు ఎక్కువ. రెండోది తేల్చాలంటే ఆ పక్క చక్రం ఒక్కదాన్నే కాటా అంచు మీదికి ఎక్కించి తూకం వేయించండి. నాలుగో తూకంలో సగం కన్నా బాగా ఎక్కువ వస్తే లోడు ఒరిగినట్టు, లేదా ఆ పక్క కమాను కట్ట (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) కుంగినట్టు. వచ్చిన అంకెను టైరు మీద అచ్చేసిన గరిష్ఠ లోడుతో పోల్చండి. ఆ లోడు, పక్కనే రాసిన గాలి పట్టినప్పటి మాట.

సమస్య: ఎప్పుడూ వేసే లోడే, అయినా బరువు దాటిందంటున్నారు

ట్రక్కుకు వేరే ఆర్సీ ఉంటుంది. ఖాళీ బరువు, లోడుతో ఉండాల్సిన మొత్తం బరువు రెండూ అందులో ఉంటాయి. ఆటోనగర్‌లో పక్క రేకులు ఎత్తించి, అడుగున పట్టీలు వెల్డింగు చేయించాక ఆర్సీలోని ఖాళీ బరువు ఇక నిజం కాదు. పెరిగిన ప్రతి కిలో మీ సరుకులోంచి తగ్గాల్సిందే. పని చేయించిన రోజే ఖాళీగా కాటా వేయించి ఆ చీటీ దాచుకోండి. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. తూకానికి ఆపకుండా వెళ్లిపోతే 40,000.

సమస్య: రెండు కాటాల్లో రెండు తూకాలు

పెద్ద కాటాలు చాలావరకు పదేసి కిలోల మెట్టులో చూపిస్తాయి, కాబట్టి ఒక మెట్టు తేడాకు గొడవ పడకండి. అంతకు మించితే ముందు పళ్లెం (బండి ఎక్కే కాటా బల్ల) అంచుల్లో చూడండి. మట్టి, రాళ్లు ఇరుక్కుని పళ్లెం పక్క గోడకు ఆనుకుంటే తూకం తక్కువ చూపిస్తుంది. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి, తేదీ అడగండి. మీ ముందు బండి దిగాక తెర మీద సున్నా నిలిచేదాకా మీ బండి ఎక్కించకండి.