పాథాలజీ రెసిడెన్సీ ఎక్కడ చేరాలి? ముందు సైన్-అవుట్ గదిలో ఒక గంట కూర్చోండి

పాథాలజీ (కణజాలం, రక్తం లాంటివి పరీక్షించి జబ్బు తేల్చే విభాగం) రెసిడెన్సీకి, అంటే ఆ ట్రైనింగ్‌కి, ఎక్కడ చేరితే బాగుంటుందని అడిగితే దాదాపు అందరూ చెప్పేది కేసుల లెక్కే. ఏడాదికి ఇన్ని వేల బయాప్సీలు వస్తాయి, అంత పెద్ద డిపార్ట్‌మెంట్ అని. లెక్క అక్కర్లేదని నేననను, రోజుకు నాలుగు స్లైడ్లు వచ్చే చోట ఏం నేర్చుకుంటాం, కానీ ఆ స్లైడు మీ చేతికి సీనియర్ కంటే ముందు వస్తుందా తర్వాత వస్తుందా అన్నది అంతకంటే పెద్ద విషయం. రిపోర్టు వెళ్లిపోయాక ట్రేలో మిగిలిన స్లైడ్లు చూడటమంటే జవాబు చూసుకుని లెక్క చేయడమే. నేను చదివినచోట మొదటి ఏడాదంతా ఇదే వరస. అన్నీ అర్థమైనట్టే ఉండేది, పరీక్షలో ఒంటరిగా మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి.

అందుకే చూడటానికి వెళ్లినప్పుడు బతిమాలైనా సరే, సైన్-అవుట్ (సీనియర్ స్లైడ్లు చూసి రిపోర్టు ఖాయం చేసే పని) జరిగేటప్పుడు ఒక గంట పక్కన కూర్చోండి. జూనియర్ తన డయాగ్నసిస్ ముందే రాసుకొచ్చిందా అన్నది గమనించండి. ఉదాహరణకు ప్రోస్టేట్ బయాప్సీ అనుకోండి, చిన్న చిన్న గ్రంథులు గుంపుగా ఉన్నాయి కాబట్టి క్యాన్సర్ అని రాసుకొచ్చింది. మంచి టీచరైతే వెంటనే తప్పని చెప్పరు, "బేసల్ కణాలు లేవని ఎలా తేల్చావమ్మా, చూపించు" అంటారు. హై పవర్ పెట్టి వెతికితే గ్రంథుల అంచున అణిగిపోయిన సన్నటి కేంద్రకాల వరుస అక్కడక్కడా కనబడుతుంది, బేసల్ కణాలను పట్టిచ్చే పీ63 స్టెయిన్ చేయిస్తే అవే గోధుమరంగులో తేలతాయి. అవి ఉన్నాయంటే క్యాన్సర్ అన్నది తప్పన్నమాట. ఇక ఆ అమ్మాయి ఆ కణాల కోసం వెతక్కుండా ప్రోస్టేట్ క్యాన్సర్ అని ఈ జన్మలో రాయదు. ఇద్దరూ ఒకే స్లైడు చూడగలిగే డబుల్ హెడ్ మైక్రోస్కోప్ దగ్గర ఇలాంటి పది నిమిషాలు దొరికే చోటు కావాలి మనకు.

తర్వాత గ్రాసింగ్ గది, అంటే ఆపరేషన్‌లో తీసిన ముక్కలను పరిశీలించి, కోసి, స్లైడ్లకు కావలసిన భాగాలు ఎంచే చోటు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ ముక్కలో కనీసం 12 లింఫ్ నోడ్లు వెతకాలి, తక్కువ దొరికితే స్టేజి మీద నమ్మకం తగ్గుతుంది. ఏడు దొరికాయి చాల్లే అని రాసేస్తుంటే ఎవరైనా మళ్లీ బకెట్ దగ్గరికి పంపుతున్నారా, కొవ్వును వేళ్ల మధ్య నలుపుతూ గట్టి గింజలా తగిలేదాన్ని పట్టుకోవడం పక్కన నిలబడి నేర్పుతున్నారా, లేక ఫార్మలిన్ వాసనకు జూనియర్లను వదిలేసి అందరూ పైకి వెళ్లిపోతున్నారా? ఆఖరి ఏడాదిలో కూడా రోజంతా గ్రాసింగేనంటే అది ట్రైనింగ్ కాదు, చాకిరీ.

ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి, చూసి జవాబు చెప్పడం) గురించి ఒకటే అడగండి: సర్జన్‌కు ఫోన్ ఎవరు చేస్తారు? ఒక్క ముక్క అయితే 20 నిమిషాల్లో జవాబివ్వాలన్నది మామూలుగా పెట్టుకునే లక్ష్యం, పైగా మంచు స్ఫటికాల వల్ల కణాలు చెడి కనబడతాయి, ఆ టెన్షన్‌లో సీనియర్ పక్కనుండగా నోరు తెరిచి చెప్పడం అలవాటవ్వాలి. సైటాలజీ (విడి కణాల పరీక్ష), హెమటాలజీ (రక్త పరీక్షలు), బ్లడ్ బ్యాంకు పోస్టింగులు కాగితం మీదే ఉన్నాయా నిజంగా ఉన్నాయా చూసుకోండి. ఆటాప్సీలు (శవపరీక్షలు) ఇప్పుడు చాలాచోట్ల తగ్గిపోయాయి, కొన్నైనా దొరికితే అదృష్టమే. ట్యూమర్ బోర్డులో, అంటే క్యాన్సర్ కేసుల మీద డాక్టర్లంతా కలిసి చర్చించే మీటింగులో, స్లైడ్లు చూపించే పని రెసిడెంట్‌కు ఇస్తే ఇంకా మంచిది. జన్యువుల పరీక్షలు చేసే మాలిక్యులర్ మెషీన్లు చూసి మాత్రం మురిసిపోకండి, వాటి తలుపు రెసిడెంట్లకు తెరుచుకుంటుందో లేదో ముందు కనుక్కోండి.

చివరగా రెండో ఏడాది వాళ్లతో మాట్లాడండి, డిపార్ట్‌మెంట్ హెడ్ ఎదురుగా కాదు, బయట. "ఇక్కడ బాగుందా" అంటే బాగుందనే అంటారు. "మొన్న నువ్వు తప్పు చదివిన కేసేది, అప్పుడేమైంది" అని అడగండి. నవ్వుతూ కేసంతా చెప్పారంటే సరే. అటూ ఇటూ చూసి మాట మార్చారంటే మీకు విషయం అర్థమైపోతుంది. "మీ సార్ ఎప్పుడైనా నాకు తెలియట్లేదు, ఇంకొకరికి చూపిద్దాం అన్నారా" అన్నది కూడా అడగండి, అన్నారంటే నా ఓటు ఆ చోటికే.