మొరాయించే మౌసును, కీబోర్డును దారికి తెచ్చుకోవడం ఎలా?

మౌసు కదిపితే కర్సర్ ఒకచోట ఆగిపోయి, ఎగిరి ఇంకోచోట పడుతుంది. ఒక మీట నొక్కితే నాలుగు అక్షరాలు వస్తాయి. ఇలాంటప్పుడు చాలామంది సెట్టింగుల్లోకి వెళ్లి కనిపించినవన్నీ మార్చేస్తారు. ఇక అసలు లోపం ఏదో, కొత్తగా తెచ్చిపెట్టుకున్నది ఏదో తేలదు. ముందు తేల్చుకోవలసింది తప్పు ఎవరిదన్నది: పరికరానిదా, కంప్యూటర్‌దా?

దానికి సులువైన దారి, ఆ మౌసును లేదా కీబోర్డును వేరే కంప్యూటర్‌కు తగిలించి చూడటం. అక్కడా అదే తంతు అయితే పరికరంలోనే లోపం. అక్కడ బుద్ధిగా పనిచేస్తే మీ కంప్యూటర్‌ను అనుమానించాలి. రెండో కంప్యూటర్ అందుబాటులో లేకపోతే యూఎస్‌బీ పోర్టు మార్చండి, మధ్యలో హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టె) ఉంటే తీసేసి నేరుగా పెట్టండి. కీబోర్డుకు మరో పరీక్ష ఉంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 లేదా డిలీట్ మీట నొక్కుతూ ఉంటే చాలా వాటిలో బయోస్ తెర, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర, వస్తుంది. అక్కడ బాణం మీటలు సరిగా కదులుతుంటే కీబోర్డు బాగానే ఉన్నట్టు, చిక్కంతా విండోస్‌లో ఉన్నట్టు లెక్క.

కర్సర్ వణుకుతుంటే

మౌసును తిరగేయండి. అడుగున చిన్న రంధ్రం, లోపల కటకం కనిపిస్తాయి. మౌసు కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఎటు జరిగిందో లెక్కకడుతుంది. నేనొకసారి అరగంటసేపు డ్రైవర్లతో, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో, కుస్తీ పట్టాక తెలిసింది, ఆ రంధ్రానికి అడ్డంగా ఒక కనురెప్ప వెంట్రుక పడి ఉందని! పొడి దూదిపుల్లతో మెల్లగా తుడవండి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి, ఊదవద్దు. గాజు బల్ల మీద పోల్చుకోవడానికి గుర్తులేమీ దొరకవు కాబట్టి మామూలు మౌసు తికమకపడుతుంది. ఒక కాగితం పరిచి దానిమీద నడిపి చూస్తే విషయం తేలిపోతుంది.

వైర్‌లెస్ మౌసయితే ముందు బ్యాటరీ మార్చండి. అయినా తడబడుతుంటే రిసీవర్ (మౌసు సంకేతాలు అందుకోవడానికి యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న ముక్క) ఎక్కడ పెట్టారో చూడండి. ఈ రిసీవర్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు సరిగ్గా ఆ పరిధిలోనే రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ సంగతి వివరించింది. అంటే పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు మాత్రమే మౌసు నత్తనడక నడుస్తుంటే పాపం దాని తప్పేమీ లేదు. రిసీవర్‌ను ఆ డిస్కుకు దూరంగా ఉన్న పోర్టులోకి మార్చండి. ఇంకా మంచిది, పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌసు దగ్గరకు తేవడం.

ఒక నొక్కుకు రెండు పడుతుంటే

ఫోల్డరు మీద ఒక్కసారి నొక్కగానే తెరుచుకుంటోందా? ఫైలును లాక్కెళుతుంటే దారిలోనే జారిపోతోందా? రెండూ ఒకే జబ్బు లక్షణాలు. బటన్ కింద ఉండే చిన్న స్విచ్చులో పలుచటి లోహపు రేకు అరిగి, ఒక నొక్కుకే రెండుసార్లు తగులుతోంది. ఒకే నొక్కుతో ఫోల్డరు తెరిచే సెట్టింగు ఆన్ అయి లేదని మాత్రం ముందు చూసుకోండి. అదీ కాకపోతే, తాత్కాలికంగా కుడి బటన్‌ను ప్రధాన బటన్‌గా మార్చుకుని పని గడుపుకోవచ్చు. సోల్డరింగ్ వచ్చినవారు స్విచ్చు మార్చుకుంటారు. మిగతావారు కొత్త మౌసు కొనుక్కోవడమే మేలు.

కీబోర్డు మాట వినకపోతే

మనకు తెలియకుండానే ఆన్ అయ్యే సదుపాయాలే ఇక్కడ అసలు దొంగలు. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. చదవకుండా సరేనన్నామా, ఇక చకచకా కొట్టిన మీటలను పట్టించుకోదు. వరుసగా 5 సార్లు షిఫ్ట్ నొక్కితే స్టికీ కీస్ వస్తుంది, షిఫ్ట్, కంట్రోల్ లాంటి మీటలను వదిలేసినా నొక్కి ఉంచినట్టే లెక్కేస్తుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి రెండింటినీ ఆపేయండి.

తెలుగులో టైపు చేసేవారికి ఇంకో అనుభవం తప్పదు. విండోస్ మీట, స్పేస్ కలిపి పొరపాటున నొక్కితే భాష మారిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో హెచ్ నొక్కితే ‘ప’ పడుతుంది. కీబోర్డుకు పిచ్చి పట్టిందనుకోకుండా అవే రెండు మీటలు మళ్లీ నొక్కండి.

మీట ఇరుక్కుంటే కేబుల్ తీసేసి, కీబోర్డును బోర్లించి తట్టండి. జిగురుగా ఉంటే దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది మీట చుట్టూ తుడవండి. ల్యాప్‌టాప్ మీద నీళ్లు ఒలికితే మాత్రం ఆలస్యం పనికిరాదు. వెంటనే చార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, బోర్లించండి. పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

తప్పు కంప్యూటర్‌దేనని తేలితే విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, ఆ పరికరం పేరు మీద కుడి బటన్ నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ మళ్లీ దానంతటదే చేరుతుంది. కాసేపు వదిలేశాక మాత్రమే మొరాయిస్తుంటే అక్కడే యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ చూడండి. విద్యుత్తు ఆదా కోసం పరికరాన్ని ఆపేయవచ్చనే గడిలో టిక్ ఉంటే తీసేయండి.

ఈ పనుల మధ్యలో మౌసు పూర్తిగా చచ్చుబడితే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కి, వచ్చిన ప్రశ్నకు అవునని చెప్పండి. పక్కనున్న అంకెల మీటలతో కర్సర్ కదులుతుంది, 5 నొక్కితే క్లిక్ అవుతుంది. చచ్చుబడింది కీబోర్డయితే, లాగిన్ తెర మీది యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి తెర మీదే కీబోర్డు తెప్పించుకోవచ్చు.