గంట ముందు, కిక్ తర్వాత (లయ పాఠాలు: 3వ భాగం)

పోయిన భాగంలో కిక్ డ్రమ్‌ని (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్) నాలుగు దెబ్బల మీద సమంగా వేయడం నేర్చుకున్నాం. ఈసారి దాని మీదకి ఘానా గంటను తెద్దాం.

ఈ పాఠాల్లో మనం వింటున్న ఇబిబియో సౌండ్ మెషీన్ 2013లో లండన్‌లో మొదలైన బ్యాండ్. గాయని ఈనో విలియమ్స్ చిన్నప్పుడు విన్న కథలను నైజీరియాలోని ఇబిబియో భాషలో పాడతారు. గిటారిస్టు కారీ బ్యానర్‌మన్‌ది ఘానా. 2022 నాటి ‘ఎలక్ట్రిసిటీ’ ఆల్బమ్‌ను హాట్ చిప్ అనే ఎలక్ట్రానిక్ బ్యాండ్‌తో కలిసి చేశారు. ఇలాంటి సంగీతంలో సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు) ఎంత మోగినా, మనల్ని కుర్చీలోంచి లేపేది మాత్రం తాళవాద్యాలు కిక్‌తో పెట్టుకునే పేచీయే అని నా నమ్మకం. ఆ పేచీని ఇవాళ చేతులతో పట్టుకుందాం.

మన వరస క్పాన్‌లోగోది. 1960ల మొదట్లో ఘానా రాజధాని అక్రాలో ‘గా’ అనే జాతి యువత పుట్టించిన నృత్యం అది. అందులో ఇనప గంటను పుల్లతో ఇలా కొడతారు:

త - - మి | - - ధి - | - - ధి - | త - - -

ఇప్పుడే కంప్యూటర్ తెరవకండి. ‘తకధిమి’ని నాలుగుసార్లు నోటితో నెమ్మదిగా అనండి, మొత్తం పదహారు అక్షరాలు. పైన రాసిన ఐదు చోట్ల మాత్రం చప్పట్లు కొట్టండి. అది కుదిరాక ప్రతి ‘త’ మీద పాదం వేయండి. చప్పట్లూ పాదమూ మొదటి ‘త’ మీద, చివరి ‘త’ మీద మాత్రమే కలుస్తాయి. మధ్య మూడు చప్పట్లూ పాదం లేని చోట పడతాయి.

దాదాపు అందరూ తడబడేది నాలుగో చప్పట్ల దగ్గర. మొదటి రెండు ఎడాలూ మూడేసి అక్షరాలు కదా, చెయ్యి ఆ లెక్కకే అలవాటుపడి మూడో గుంపులో ‘క’ మీదే పడిపోతుంది. ఇంకొక్క అక్షరం ఆగాలి. ఎడాలు 3, 3, 4, 2, 4. ఆ మొదటి 4 దగ్గర ఓపిక పడితే వరస మొత్తం మీదే. టెన్షన్ పడి వేగం పెంచొద్దు, నోటి లెక్క అసలే ఆపొద్దు.

ఇక సీక్వెన్సర్, అంటే గళ్లలో దెబ్బలు పెడితే వాటిని వరసగా మోగించే సాధనం. పదహారు గళ్లలో 1, 4, 7, 11, 13 మీద గంట పెట్టండి. వేగం 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు), స్వింగ్ (గళ్ల మధ్య ఎడాన్ని అసమానం చేసే అమరిక) సున్నా. పదహారు గళ్ల ఒక్కో ఆవర్తనం రెండు సెకన్లు. గంట ఒక్కటే కాసేపు వినండి. అది చెవిలో స్థిరపడ్డాక 1, 5, 9, 13 మీద కిక్‌ని తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఈ క్రమం తప్పొద్దు. కిక్ ముందు వేస్తే చెవి దానికే అతుక్కుపోతుంది, గంట పైపై అలంకారంగా మిగిలిపోతుంది.

ఈ వారం సాధన: కిక్‌ని రెండు ఆవర్తనాలు మ్యూట్ చేసి, పాదం ఆపకుండా ఉండండి. కిక్ తిరిగి వచ్చేసరికి పాదం సరిగ్గా దాని మీద పడాలి. తర్వాత గంటను మ్యూట్ చేసి, దాన్ని చప్పట్లతో నిలబెట్టండి.

వచ్చే భాగంలో ‘ఏవే’ అనే జాతి జనం వాయించే పన్నెండు మాత్రల గంట. దానికి ‘తకిట’ సాధన చేసి ఉంచుకోండి.