దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో అమెరికా అంతర్యుద్ధ స్థలాలు చూడాలంటే

ముందు సమ్టర్ కోటకు పడవ టికెట్ తీసుకోండి. మిగతా రోజంతా దాన్ని బట్టే సర్దుకోవాలి. 1861 ఏప్రిల్ 12న తొలి గుండ్లు పడ్డది ఈ కోట మీదే. నీళ్ల మధ్య ఉంది కాబట్టి కారు వెళ్లదు. పడవలు లిబర్టీ స్క్వేర్, పేట్రియట్స్ పాయింట్ రేవుల నుంచి బయల్దేరతాయి. రెండూ కూపర్ నదికి చెరో ఒడ్డున ఉన్నాయి. టికెట్ ఏ రేవుదో చూసుకోకపోతే పడవ అందదు. కోటలో దొరికేది సుమారు గంట. నీడ తక్కువ, టోపీ ఉండాలి.

తర్వాత మాగ్నోలియా శ్మశానం. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం వాడిన హన్లీ జలాంతర్గామిలో పోయిన 21 మంది సమాధులు ఇక్కడే. చివరి బృందాన్ని 2004లో ఖననం చేశారు. పాతరాళ్ల మీద అక్షరాలు కనబడకపోతే సుద్ద రుద్దకండి, పాలరాయి అరుగుతుంది. చిన్న అద్దంతో ఎండను పక్కనుంచి రాయి మీదికి మళ్లిస్తే చదవొచ్చు.

1863లో నల్లజాతి సైనిక దళం దాడి చేసిన వాగ్నర్ కోట కోసం వెతకొద్దు, సముద్రం మింగేసింది.

బ్యూఫోర్ట్ జాతీయ శ్మశానం మాత్రం వదలకండి. కారులో గంటన్నర దూరం. చార్లెస్టన్ దగ్గరి ఫాలీ దీవిలో 1987లో బయటపడ్డ, ఉత్తరాది పక్షాన పోరాడిన 19 మంది నల్లజాతి సైనికుల అవశేషాలను 1989లో సైనిక మర్యాదలతో ఇక్కడ ఖననం చేశారు.