గోడ లేని వంటగది, హాలు: బోసితనం ఎలా పోయింది

వంటగది, హాలు కలిసే ఉన్న చోట బోసిగా అనిపించడానికి అసలు కారణం సీలింగ్ లైట్లే. అన్నీ ఒకే స్విచ్ మీద, ఒకే తెల్లటి వెలుగుతో ఉంటే ఏ మూలా విడిగా కనిపించదు. ముందు స్విచ్‌లు విడదీయించాను. వంటగట్టు మీద 4000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) తెల్లటి వెలుగు అలాగే ఉంచి, సోఫా పక్కన పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ బల్బులతో రెండు స్టాండు దీపాలు పెట్టాను. వెలుగు తగ్గించి పెంచే స్విచ్, అంటే డిమ్మర్ పెట్టేటట్టయితే బల్బు డబ్బా మీద ‘డిమ్మబుల్’ అని ఉండాలి, లేదంటే వెలుగు తగ్గించగానే మినుకుమినుకుమంటుంది.

సోఫా వీపు వంటగది వైపు తిప్పితే అదే అడ్డుగోడ. వెనక నడవడానికి 90 సెంటీమీటర్లు వదలండి. తివాచీ చిన్నదైతే నేల మధ్యలో తేలుతున్నట్టుంటుంది, సోఫా ముందు కాళ్లయినా దాని మీదకి రావాలి. గిన్నెల చప్పుడు మార్మోగడం మాత్రం మందపాటి కర్టెన్లు కూడా వేశాకే తగ్గింది.