అమరుక శ్లోకం చదవడం – 4వ పాఠం: కర్త ఎవరు?

సంధులు విడదీయడం అయింది, ఈసారి అన్వయం, అంటే ఏ పదం దేనితో ముడిపడుతుందో చూడడం. అమరుకుడి సంస్కృత శృంగార శ్లోకాల సంపుటి అమరుశతకంలోని ఈ శ్లోకాన్ని ముందు రెండుసార్లు పైకి చదవండి.

ఏకస్మిఞ్ఛయనే పరాఙ్ముఖతయా వీతోత్తరం తామ్యతో-
రన్యోన్యస్య హృది స్థితేఽప్యనునయే సంరక్షతోర్గౌరవమ్ |
దమ్పత్యోః శనకైరపాఙ్గవలనాన్మిశ్రీభవచ్చక్షుషో-
ర్భగ్నో మానకలిః సహాసరభసవ్యావృత్తకణ్ఠగ్రహమ్ ||

శార్దూలవిక్రీడితం: మ స జ స త త గ, పాదానికి 19 అక్షరాలు. తెలుగు శార్దూలం అలవాటైనవారు ప్రాసనూ 13వ అక్షరంలో యతిమైత్రినీ వెతుకుతారు. సంస్కృతంలో ఆ నియమాలు లేవు. ఇక్కడ యతి అంటే 12వ అక్షరం తర్వాత ఆగడమే. మొదటి పాదంలో ‘పరాఙ్ముఖతయా’ దగ్గర ఆగండి.

ఇప్పుడు కర్తను పట్టించే ప్రథమా విభక్తి పదాలు ఏరండి. మూడు పాదాలు గాలించినా ఒక్కటీ దొరకదు. ‘గౌరవమ్’ చూసి మోసపోవద్దు, అది ద్వితీయ. నాలుగో పాదంలో ‘మానకలిః’, దానికి విధేయం (దాని గురించి చెప్పే మాట) ‘భగ్నః’, తెగిపోయింది అని. అంతే.

మరి దంపతులు? తామ్యతోః, సంరక్షతోః, దమ్పత్యోః, మిశ్రీభవచ్చక్షుషోః: నాలుగూ షష్ఠీ ద్వివచనాలు, ‘ఆ ఇద్దరి యొక్క’ అని చెప్పే రూపాలు. ద్వివచనంలో సప్తమికీ ఇదే రూపం. కానీ ఇవి ‘మానకలి’తో ముడిపడాలి కాబట్టి షష్ఠి. ‘స్థితేఽప్యనునయే’ మాత్రం సతి సప్తమి, అంటే ‘అలా ఉండగా’ అనే అర్థమిచ్చే సప్తమి: అనునయం మనసులో ఉన్నా అని.

తెలుగువాళ్లం ఎక్కువగా జారేది తెలిసిన మాటల దగ్గరే. ఇక్కడ మానం అంటే పరువు కాదు, అలక. కలి యుగమూ కాదు, గంజీ కాదు, తగవు. గౌరవం అంటే బెట్టు.

‘ఒకే పడకమీద పెడమొగాలతో, మాటకు మాట లేక నలిగిపోతూ, బతిమాలుకోవాలని ఒకరికొకరికి మనసులో ఉన్నా బెట్టు వదలక, మెల్లగా కడకన్నులు తిప్పడంలో చూపులు కలిసిన ఆ ఆలుమగల అలకతగవు, నవ్వుతూ చటుక్కున తిరిగి మెడలు పెనవేసుకోవడంతో తెగిపోయింది.’

‘దంపతులు రాజీపడ్డారు’ అని కర్తను మార్చారో, శ్లోకం ప్రాణం పోతుంది. ముందు ఎవరు తగ్గారో కవి చెప్పడు. ద్వివచనం ఇద్దర్నీ ఒకే మాటలో పట్టి ఉంచుతుంది. విశేషణాలన్నీ ముందు పేర్చి క్రియతో ముగించే తెలుగు వాక్యానికి ఈ అల్లిక చక్కగా అమరుతుంది, ముక్కలు చేయకండి.

ఈ శతకానికి కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి వ్యాఖ్య శృంగారదీపికను మీ అన్వయం రాసుకున్నాకే తెరవండి.

అభ్యాసం: ‘దృష్ట్వైకాసనసంస్థితే ప్రియతమే’ శ్లోకంలో కర్తను పట్టుకోండి. ‘ప్రియతమే’ సప్తమిలా కనిపిస్తుంది, కాదు. స్త్రీలింగ ద్వితీయా ద్వివచనం. ఆసనంమీద ఇద్దరున్నారు.